పురుగులు బతికే ఉన్నాయి

నన్ను ఈ వీధిలో పురుగులమ్మ అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తాను. పొద్దస్తమానం పురుగులతో బతికేదాన్ని మహారాణీ అని పిలవమంటే ఎవరు పిలుస్తారు?

మూతపడిన లాండ్రీ వెనక ఒక రేకుల గది ఉంది. అదే నా కార్ఖానా. హోటళ్ళ నుంచి, జ్యూస్ కొట్టు నుంచి తొక్కలూ, కుళ్ళిన కాయలూ, వాడేసిన టీ పొడీ తెచ్చి ప్లాస్టిక్ ట్రేలలో పరుస్తాను. వాటిలో నల్ల ఈగ పురుగుల్ని వదులుతాను. వదిలేటప్పుడు నువ్వు గింజంత కూడా ఉండవు. రెండు వారాలు తిరిగేసరికి తొక్కలన్నీ మాయం, పురుగులేమో చిటికెన వేలి గోరు కన్నా పొడుగు. వాటిని జల్లెడ పట్టి కోళ్ళు పెంచేవాళ్ళకిస్తాను. కింద మిగిలిన నల్లటి పొడిని నెల రోజులు నీడలో ఆరబెడితే ఎరువు. మట్టి వాసన తప్ప ఇంకే వాసనా ఉండదు. అయినా మా వీధివాళ్ళు ముక్కు మూసుకునే పోతారు. వాళ్ళ ఇళ్ళలోంచి, వాళ్ళు తిన్న హోటళ్ళలోంచి వచ్చిన చెత్తే కదా, నా గుమ్మం తొక్కాకే దానికి కంపు పట్టిందా? ఆ పురుగు పెరిగి ఈగయ్యాక దానికి తినే నోరే ఉండదు. మా వీధి మొత్తానికి నోరు లేనిది అదొక్కటే.

ఈ పనిలో నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. కొత్త రకం చెత్త ఏదొచ్చినా ముందు చిన్న ట్రేలో వేసి, గుప్పెడు పురుగులు వదిలి, రెండు రోజులు చూస్తాను. పురుగులు అంచులెక్కి పారిపోయినా, బిగుసుకుపోయినా ఆ చెత్త నాకొద్దు. హాయిగా తింటే పెద్ద ట్రేలలోకి. ఒకసారి ఒక పళ్ళ వ్యాపారి తెచ్చిన తొక్కల్లో ఏ మందుందో, తెల్లారేసరికి పురుగులన్నీ చచ్చి ఉన్నాయి. వాటిని కాగితంలో పొట్లం కట్టి తీసుకెళ్ళి అతని కొట్టు ముందే విప్పి అతన్ని కడిగేశాను. పురుగు బతికితే ఎరువు మంచిదే. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా నాకు భలే గర్వంగా ఉండేది.

ఇక మా వదిన సంగతి. అన్న పోయి మూడేళ్ళయింది. పాత బస్సు డిపో వెనక కూరగాయలు పండించుకునేవాళ్ళ సంఘం ఉంది. పన్నెండు మడులు, పన్నెండుమంది మనుషులు. అందులో ఒకటి అన్నది. అన్న తర్వాత అది వదిన పేరు మీదికి వెళ్ళింది. అప్పటికే నేను మడి కోసం సంఘం జాబితాలో పేరు రాయించుకుని మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. భర్త మడి భార్యకి రావడం న్యాయమే. న్యాయమే, న్యాయమే అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

వదినకి అంతకు ముందు పార పట్టడం కూడా రాదు. మొదటి నెలలో క్యారెట్ మొలకల్ని కలుపనుకుని శుభ్రంగా పీకేసింది. "వదినా, కలుపు మొక్కల్ని మాత్రం ఎంత ముద్దుగా పెంచావే!" అని నేను పగలబడి నవ్వితే, "నవ్వవే నవ్వు, ఆడపడుచువి, నీ హక్కు అది" అని తనూ నవ్వింది. అలాంటిది, ఏడాది తిరక్కుండా ఆ మడిలో టమాటాలు, చిక్కుడు, మిరప విరగకాయించింది. పొద్దున్నే కోసి వీధి మలుపులో బల్ల వేసుకుని అమ్ముతుంది. ఆ బల్లే ఆమెకి తిండి, ఆమె గదికి అద్దె. ఇంకో ఆధారం లేదు. కుట్టు పని చేసేది కానీ కళ్ళు సహకరించక మానేసింది.

సంఘానికో నియమం ఉంది. ఏటా ఒక రోజు తనిఖీ. ఆ రోజు మడిలో సగమైనా పచ్చగా లేకపోతే అది జాబితాలో మొదటి పేరుకి పోతుంది. చుట్టమనీ పక్కమనీ చూడరు.

ఆ ఏడు జాబితాలో మొదటి పేరు నాది.

గడ్డి గొడవ ఎలా మొదలైందంటే, నా ట్రేలలో తడి ఎక్కువైంది. తొక్కలన్నీ నీళ్ళోడుతుంటే పురుగులు ఊపిరాడక పైకి వచ్చేస్తాయి. పొడిగా ఉండేది ఏదైనా కలపాలి. మునుపు వడ్రంగి రంపపు పొట్టు ఇచ్చేవాడు. అతను జిగురు పట్టించిన చెక్కలు కోయడం మొదలుపెట్టాక, వద్దు బాబూ అని నేనే మానేశాను. అంత జాగ్రత్త మనిషిని! అప్పుడు ఆట మైదానం చూసుకునే ఈలాయన గుర్తొచ్చాడు. మెడలో ఈల వేసుకుని గడ్డి తొక్కినవాళ్ళందరి మీదా ఊదుతుంటాడు కాబట్టి ఆ పేరు. కోసిన గడ్డి ఎండబెట్టి గుట్టలు గుట్టలుగా పడేస్తున్నాడు.

"పురుగులకి మేతగా కావాలి, ఇస్తావా?" అని అడిగాను.

"తీసుకుపో తల్లీ, ఎత్తి పారెయ్యలేక నా నడుం పడిపోతోంది" అన్నాడు.

తెచ్చాను. పద్ధతి ప్రకారం చిన్న ట్రేలో వేశాను. పురుగులు తిన్నాయి. తినడమేమిటి, ఎన్నడూ లేనంత బలిశాయి. పెద్ద ట్రేలన్నిటిలో కలిపాను. నెల ఆరిన తర్వాత ఆ ఎరువు చూస్తే నాకే ముచ్చటేసింది. పొడిపొడిగా, వేళ్ళ మధ్య నుంచి జారిపోతూ. మొదటి ఆరు బస్తాలు వదినకే ఇచ్చాను. పక్క మడి డ్రైవరు గారు మొహమాటపెడితే ఆయనకి రెండు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, మొక్కజొన్న తప్ప ఇంకేదీ వేయడు. "వదిన కాబట్టి ఆరా, మాకు రెండా?" అన్నాడు. "అవును మరి, మీరు నాకు వదినయితే మీకూ ఇస్తాను" అన్నాను. నవ్వుకున్నాం. ప్రేమగా ఇచ్చాను, ఆ మాట మాత్రం నిజం.

నాటిన మూడు వారాలకి వదిన పరిగెత్తుకుంటూ వచ్చింది. వెళ్ళి చూస్తే టమాటా చిగుళ్ళన్నీ మెలితిరిగి ఉన్నాయి. ఆకులు దోసిలి పట్టినట్టు ముడుచుకుని సన్నగా సాగిపోయాయి. చిక్కుడు మొలకల తలలు కొక్కేల్లా వంగిపోయాయి. మిరప అక్కడికక్కడే ఆగిపోయింది. విత్తనాల కొట్టతను ఒక కొమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది వైరస్సమ్మా. ఎక్కణ్ణుంచో రోగం నారు తెచ్చావు" అని తేల్చేశాడు. అతని దగ్గర కాక ఇంకెక్కడో నారు కొందని అతనికి ముందే కడుపుమంట.

ఆ మాట మధ్యాహ్నానికల్లా పన్నెండు మడులూ తిరిగింది. వదిన వైపు వెళ్ళిన చెప్పులు కడుక్కుని రావడం మొదలుపెట్టారు. డ్రైవరు గారు మాత్రం, "నా మొక్కజొన్నకేం కాలేదు కదా, చూడండి ఎంత ఏపుగా ఉందో. ఎరువు ఒకటే. కాబట్టి తప్పు నారుదే" అని పెద్ద న్యాయమూర్తిలా తీర్పు చెప్పాడు.

నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. తెగులైతే ఒక మొక్క ముందు, ఒక మొక్క వెనక పడుతుంది. ఇక్కడ మూడు రకాలూ ఒకే వారంలో, ఒకే తీరుగా వంకర తిరిగాయి. ఇంటికొచ్చి రెండు కుండీలు తీసుకున్నాను. ఒకదాంట్లో ఉత్త మట్టి, ఒకదాంట్లో మట్టితో పాటు నా ఎరువు. రెండింటిలోనూ చిక్కుడు గింజలు పెట్టాను. పన్నెండో రోజుకి ఉత్త మట్టిలో మొలకలు నిటారుగా నిలబడ్డాయి. నా ఎరువులో మొలకలు తల వంచేసుకున్నాయి. ఆ ఎరువులో కొత్తగా కలిసింది గడ్డి ఒక్కటే.

వెంటనే మైదానానికి వెళ్ళాను. "ఆ గడ్డి మీద ఏం కొట్టావు?"

"కలుపు మందు. గడ్డికేం కాదు, వెడల్పాకు మొక్కలే పోతాయి" అన్నాడు ఈలాయన నిమ్మకు నీరెత్తినట్టు. "డబ్బా మీద రాసే ఉంది, ఈ గడ్డి ఎరువులో కలపొద్దని."

"రాసి ఉంటే నాకెందుకు చెప్పలేదయ్యా?"

"నువ్వు పురుగులకి మేత అన్నావు. తోటకని అన్నావా? పురుగులకేమైనా అయ్యిందా?"

ఏమీ కాలేదు. అదే కదా నా కొంప ముంచింది. పురుగు నోట్లోంచి దూరి, పురుగు ఒంట్లోంచి బయటికొచ్చి, ఆ మందు చెక్కుచెదరకుండా నా ఎరువులో కూర్చుంది. గడ్డి జాతి కాబట్టి డ్రైవరు గారి మొక్కజొన్న బతికింది. వెడల్పాకులు కాబట్టి వదిన టమాటాలు పోయాయి. పురుగుని అడిగితే మొక్క సంగతి అది ఏం చెబుతుంది? ఇన్నేళ్ళుగా దాన్ని అడిగి, దాని జవాబుని నెత్తిన పెట్టుకుని ఊరేగాను.

"నా పేరు మాత్రం ఎక్కడా రానీకు తల్లీ, ఉద్యోగం పోతుంది" అని ఈలాయన వెనక నుంచి అంటూనే ఉన్నాడు. వాడి పేరెవడిక్కావాలి? నా పేరు సంగతి నాకు పట్టుకుంది.

మర్నాడే సంఘం సమావేశం. డిపో పాత టికెట్ల గదిలో విరిగిన బెంచీల మీద పన్నెండుమందీ కూర్చున్నారు. ఎరువు నాది కాబట్టి నన్నూ పిలిచారు. కార్యదర్శి హెడ్మాస్టరుగా చేసి రిటైరైనాయన. మనుషులందరినీ ఇంకా ఐదో తరగతి పిల్లలనుకుంటాడు.

"రోగం మిగతా మడులకి పాకక ముందే ఆ మొక్కలన్నీ పీకేయాలి" అన్నాడు.

"ఇంకో నెలలో తనిఖీ పెట్టుకుని ఇప్పుడు పీకమంటే ఎలాగండీ?" అంది వదిన.

"నియమం నియమమే కదమ్మా." తర్వాత నా వైపు తిరిగాడు. "పురుగులమ్మా, నువ్వు చెప్పు. ఎరువులో తేడా ఏమైనా ఉందా?"

నేను నోరు తెరిచాను. తెరిచాను, దేవుడి మీద ఒట్టు. అంతలో వదిన లేచి నిలబడింది. "దాని ఎరువుని ఒక్క మాట అనకండి. అది బంగారం. అదే లేకపోతే మూడేళ్ళు నేను బల్ల మీద ఏం పెట్టేదాన్ని? నా చేతి తప్పుకి దాని పొట్ట కొట్టొద్దు."

అందరూ నా వైపే చూస్తున్నారు.

"నా పురుగులు బతికే ఉన్నాయండీ" అన్నాను.

అబద్ధం కాదు. నిక్షేపంలా బతికే ఉన్నాయి. గదిలో అందరూ తలలూపారు. నా మాట తెలియనివాళ్ళెవరు? పురుగు బతికితే ఎరువు మంచిదే.

ఎందుకన్నాను అలా? భయమేసింది. వీధివాళ్ళు నా గది ఎప్పుడు మూయిద్దామా అని చూస్తున్నారు, ఈ మాట చెవిన పడితే మర్నాడే తాళం. నేనేం తినాలి? అది నిజమే. కానీ జాబితాలో మొదటి పేరు నాదని ఆ క్షణంలో గుర్తు రాలేదని మాత్రం నేను ఒట్టు పెట్టలేను. గుర్తొచ్చింది. ఆరేళ్ళు ఎదురుచూసినదాన్ని, ఎందుకు గుర్తు రాదు? అంత నీచురాలినా అని నన్ను నేను తిట్టుకుంటూనే, ఇంటికెళ్ళి ఆ రెండు కుండీలూ బోర్లించి మొలకల్ని మురికి కాలవలో కలిపేశాను.

మర్నాడు మొక్కలు పీకడానికి వదినకి సాయం కూడా వెళ్ళాను. అదీ నా తెగువ. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో సాలు పీకాం. వదిన ఒక్కో మొక్క వేరు చూసి, "వేరు బాగానే ఉందే, పాపం" అంటూ పక్కన పెట్టింది. చివర్లో చేతులు దులుపుకుని, "చిక్కుడు మళ్ళీ వేస్తే తనిఖీకి పచ్చబడుతుందిలే. ఇంకో రెండు బస్తాలు ఇస్తావా?" అంది.

"ఇప్పుడు సిద్ధంగా లేదు" అన్నాను. గదిలో పద్నాలుగు బస్తాలున్నాయి. వాటిని గోడ మూలకి నెట్టి పైన గోనె కప్పాను. భయంతో నెల రోజులు కొత్త ట్రే కూడా పెట్టలేదు, ఈగల్ని బతికించుకుంటూ కూర్చున్నాను.

వదిన చిక్కుడు మళ్ళీ వేసింది. అవే వంకరలు, అవే కొక్కేలు. తనిఖీ రోజు కార్యదర్శి ఒక నిమిషం కూడా నిలబడలేదు. "ఖాళీ" అని కాగితం మీద రాసుకున్నాడు.

"మీరే పీకించి మీరే ఖాళీ అని రాస్తారా?" అని అడిగింది వదిన. నెమ్మదిగానే అడిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఎవరికోసమూ నియమం మార్చలేం కదమ్మా" అన్నాడు. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. నా నోరు చాలా పెద్దదని వీధంతా అంటారు. ఆ రోజు అది ఎక్కడికి పోయిందో.

వారం తర్వాత మడి కాగితం నాకొచ్చింది. వద్దంటే రెండో పేరువాడికి పోతుంది, వాడెవడో కూడా మాకు తెలియదు. నా దగ్గరుంటే వదినకి సగం ఇవ్వచ్చు కదా, ఇద్దరం కలిసి చేసుకోవచ్చు కదా అని నాకు నేను సర్దిచెప్పుకుని సంతకం పెట్టాను. ఆ సగం సంగతి వదినతో అన్నాను కూడా. "వద్దులే. నా చెయ్యి పడితే నీ మడి కూడా పాడవుతుంది" అంది. నిజంగానే నమ్మింది ఆ మాట. తన చేతిలో ఏదో దోషముందని, మొక్క ముట్టుకుంటే పాడవుతుందని నమ్మడం మొదలుపెట్టింది. బల్ల తీసేసింది. పగలంతా ఒక హోటల్లో గిన్నెలు తోముతోంది. అక్కడి తొక్కలు నాకోసం విడిగా ఒక బకెట్లో దాచిపెడుతోంది కూడా.

ఆ మట్టిలో ఇంకో రెండేళ్ళు టమాటా రాదని నాకు తెలుసు. అందుకే మొక్కజొన్న వేశాను. ఆరు బస్తాల ఎరువూ అందులోనే ఉంది కదా, నెలకే నా మోకాళ్ళు దాటింది. చూసినవాళ్ళందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. "అదే మట్టి. పురుగులమ్మ చెయ్యి పడేసరికి చూడు ఎలా లేచిందో!" అని కార్యదర్శి నలుగురి ముందూ మెచ్చుకున్నాడు. ఆ నలుగురిలో వదిన కూడా ఉంది. నాకు ఆ మొక్కలన్నీ అక్కడే నరికేయాలనిపించింది. నరకలేదు.

మొన్న మధ్యాహ్నం గదికి వచ్చింది వదిన. బకెట్టు దించి, చీర కొంగుతో మొహం తుడుచుకుంది. గిన్నెల సబ్బుకి వేళ్ళు పగిలి ఉన్నాయి.

"కిటికీలో ఒక కుండీ పెట్టుకున్నానే. మొన్న మనసాగక ఒక టమాటా మొక్క తెచ్చాను. ఇదైనా బతుకుతుందేమో చూద్దామని. ఆ మూల బస్తాల్లోంచి రెండు దోసిళ్ళు పెట్టు" అంది. చేతిలో చిన్న గుడ్డ సంచి, మడత పెట్టి ఉంది.

"అది వద్దు వదినా. ఇంకో నెల ఆగు, కొత్తది ఇస్తాను."

"నెలాగితే మొక్క ఆగుతుందా? రెండు దోసిళ్ళేగా." గోనె తీసి ఒక బస్తా మూతి విప్పబోయింది.

నేను చెయ్యి పట్టుకుని లాగేశాను. గట్టిగానే లాగాను. తను నా మొహంలోకి చూసింది. ఇక ఆపుకోలేకపోయాను. అంతా చెప్పేశాను. గడ్డి, మందు, కుండీలు, కాలవ, సమావేశంలో నేనన్న మాట. నీ చేతిలో దోషం లేదు వదినా, అంతా నా ఎరువులోనే ఉంది, తెలిసి తెలిసి నోరు మూసుకున్నాను, నీ మడి నేనే తినేశాను అని ఏడుస్తూ చెప్పాను. ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

వదిన విన్నది. చివరిదాకా విన్నది. తర్వాత తన చెయ్యి నా చేతిలోంచి మెల్లగా వదిలించుకుంది.

"ఇవ్వనని ఒక్క ముక్క చెబితే పోయేది కదే. దానికింత కథ ఎందుకు?"

"కథ కాదు వదినా, నిజం."

"నిజమైతే ఆ రోజే చెప్పేదానివి. నిలువునా నా బతుకు కూలిపోతుంటే పక్కన నిలబడి చూసేంత దానివా నువ్వు? ఆయన చెల్లెలివి. నాతో పాటు మోకాళ్ళ మీద కూర్చుని మొక్కలు పీకినదానివి." తల అడ్డంగా ఊపింది. "కాదు. మడి వచ్చాక నీకు చెయ్యి రావట్లేదు, రెండు దోసిళ్ళ దగ్గర పిసినారితనం వచ్చింది. అంతేగా? అలా అయితే అలా అని చెప్పు. నేనేం అనుకోను."

సంచి చంకలో పెట్టుకుని నా జవాబు కోసం నిలబడింది. ఆ కళ్ళలోకి నేను చూశాను. అంతే అనమని బతిమాలుతున్నట్టు ఉన్నాయి అవి.

"అవును వదినా" అన్నాను. "పిసినారితనమే."

"అదీ మాట" అని ఖాళీ బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.